బిల్డింగ్ అంటే అసలు అర్థం ఏమిటి? భవనమా, మేడా, డాబానా?

ఈ ప్రశ్నకు 'భవనం' అని నిఘంటువు ఎప్పుడో జవాబు చెప్పేసింది. అది పరీక్ష రాయడానికి పనికొస్తుంది. నేను ఉపాధ్యాయుణ్ని, 2010 వేసవిలో జనగణన కోసం ఇల్లిల్లూ తిరిగాను. బిల్డింగ్ అంటే ఏమిటో నాకు చెప్పింది గోదావరి పక్క ఊళ్లో ఒక మామ్మగారు.

అప్పుడు మా పని ఇళ్లకు నంబర్లు వేయడం. ముందు బిల్డింగ్ నంబరు, పక్కన బ్రాకెట్లో ఇంటి నంబరు. ఒకే కట్టడంలో రెండు వాటాలుంటే 10(1), 10(2) అన్నమాట. ఒక తాటాకు పాక ముందు నిలబడి, "బిల్డింగ్ నంబరు నలభై మూడు" అని పైకి అనుకుంటూ రాస్తున్నాను. లోపల చింతపండు గింజ తీస్తున్న మామ్మగారు కత్తిపీట పక్కకు తోసి బయటికొచ్చారు.

"ఏది బాబూ బిల్డింగు? ఈ పాకా? నువ్వు అలా రాశావంటే నా తెల్లకార్డు పోతుంది. ఇందిరమ్మ ఇల్లూ రాదు. కొట్టెయ్యి."

సర్కారు లెక్కలో నేల మీద నిలబడిన కట్టడమంతా బిల్డింగేనని నచ్చజెప్పబోయాను. "అయితే ఆ గేదెల పాక కూడా బిల్డింగేనా?" అన్నారు. అవునంటే నవ్వులపాలవుతానని నోరు మూసుకున్నాను. చివరికి చేతిలో ఉన్న పటం తీసి చూపించాను. అందులో పక్కా కట్టడానికి చతురస్రం గీయాలి, కచ్చాదానికి త్రిభుజం. "మీకు త్రిభుజమే గీశాను మామ్మగారూ" అంటే, కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది నా పాకలాగే ఉంది" అని కుదుటపడ్డారు. మజ్జిగ కూడా ఇచ్చారు. తలుపు మీద నంబరు వేయనిచ్చారు కానీ, బిల్డింగ్ అన్న మాట మాత్రం మళ్లీ ఎత్తనివ్వలేదు.

ఆమెదే సరైన అర్థం. తెలుగులో బిల్డింగ్ అంటే స్లాబు. స్లాబు పడితే రెండు గదులైనా బిల్డింగే. పడకపోతే ఎనిమిది గదుల మండువా లోగిలి కూడా పెంకుటిల్లే. సీమలో మిద్దె అనండి, కోస్తాలో డాబా అనండి, తెలంగాణలో బంగ్లా అనండి, లెక్క మారదు. దీని మీద నాతో వాదనకు రాకండి. 1591 నుంచి నిలబడి ఉన్న చార్మినార్‌ను ఎవరైనా బిల్డింగ్ అనగా విన్నారా? ఇక పత్రికలవారు రాసే 'భవన సముదాయం' అన్న మాట ఆ సముదాయంలో కాపురముండేవారి నోట ఒక్కసారి కూడా నేను వినలేదు.

అసలు నా గొడవంతా అపార్ట్‌మెంట్ అన్న మాటతో. మన దగ్గర అపార్ట్‌మెంట్ అంటే మొత్తం బిల్డింగ్, అందులో ఒక వాటా ఫ్లాట్. అమెరికాలో ఆ ఒక్క వాటానే అపార్ట్‌మెంట్ అంటారట. మా అబ్బాయి డాలస్ వెళ్లిన కొత్తలో "అపార్ట్‌మెంట్ తీసుకున్నాను" అని ఫోను చేస్తే, వాళ్లమ్మ నెలకు అద్దెలు ఎంత వస్తాయని అడిగింది.