లేత్ కొనే ముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెనక గదిని వర్క్‌షాప్ చేసుకుంటున్నావనీ, పాత కుట్టుమిషన్లకూ చేతిపంపులకూ కావలసిన షాఫ్టులు (తిరిగే కడ్డీలు), బుష్‌లు (వాటికి తొడిగే గొట్టాలు) ఇకనుంచి లేత్ కొని సొంతంగా తిప్పుకోవాలనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం వేసింది. ముప్పై ఏళ్లకు పైగా లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ టూల్‌తో కోసే మెషిన్) ముందు నిలబడినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది దాచుకోకుండా చెబుతాను.

ఏ కంపెనీది కొనమంటావని అడిగావు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. నువ్వు తిప్పబోయే వాటిలో అన్నిటికన్నా లావైన ముక్క ఎంత, పొడవైన ముక్క ఎంత? కాగితం తీసుకుని, గత ఏడాదిలో నీ దగ్గరికి వచ్చిన పనులన్నీ రాసుకో. ఒక్కోదాని పక్కన వ్యాసం, పొడవు, దేనితో చేసింది, మర (స్క్రూకి ఉండే గాడి) ఉందా లేదా అన్నవి వెయ్యి. ఆ కాగితం లేకుండా మెషిన్ చూడటానికి వెళ్లకు. చూసిన ప్రతి మెషినూ బాగానే కనిపిస్తుంది.

ముందుగా స్పిండిల్ రంధ్రం సంగతి. స్పిండిల్ అంటే, ముక్కను దవడలతో పట్టే చక్‌ని తిప్పే బోలు ఇరుసు. కొత్తగా కొనేవాళ్లు లేత్ పొడవు చూస్తారు, మోటారు చూస్తారు. చక్ వెనక ఉన్న ఆ రంధ్రం ఎంతో అడగరు. నేను మొదట కొన్నదానికి అది 20 మిల్లీమీటర్లు. అప్పుడు అదేం పెద్ద లోటు అనిపించలేదు. కానీ 25 మిల్లీమీటర్ల షాఫ్టు వచ్చిన రోజున అది ఆ రంధ్రంలోకి దూరదు. మొత్తం బయటే వేలాడాలి. అంత పొడవుకి బెడ్ (మెషిన్ భాగాలన్నీ కూర్చునే పొడవాటి పీఠం) చాలలేదు, ఆ పని తిరిగి ఇచ్చేశాను. ఒక ముక్కను ఒకవైపే పట్టి బయటికి వదిలేస్తే, బయట ఉన్న పొడవు రెట్టింపైనప్పుడు అది వంగడం ఎనిమిది రెట్లు అవుతుంది. అందుకే లావుకి మూడు నాలుగు రెట్లకు మించి బయట ఉంటే టెయిల్‌స్టాక్ (బెడ్ అవతలి చివర ఉండే ఆసరా) సెంటర్ మొనతోనో, ముక్కను మధ్యలో పట్టే స్టెడీ రెస్ట్‌తోనో ఆనించాలి. రంధ్రం పెద్దదైతే మిగతా పొడవంతా లోపలికి పోయి, కోసే చోటు మాత్రం చక్‌కి దగ్గరగా ఉంటుంది. నీ పనులకి కనీసం 26 మిల్లీమీటర్లు చూడు, 38 దొరికితే వదలకు.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. పొడవైన కడ్డీ స్పిండిల్ వెనక నుంచి బయటికి వచ్చి, దానికి ఆసరా లేకపోతే, స్పీడు పెరిగేసరికి వంగి కొరడాలా కొడుతుంది. వెనక నిలబడ్డ మనిషికి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. వెనక ఎంత బయటికి వచ్చిందో చూడకుండా స్విచ్ వేయకు.

ఇక సైజులు. అమ్మేవాళ్లు చెప్పే అంకెలు వినగానే నమ్మేయకు. కొందరు సెంటర్ ఎత్తు (బెడ్ నుంచి స్పిండిల్ మధ్య దాకా) చెబుతారు, కొందరు స్వింగ్ (తిరగగల ముక్క వ్యాసం) చెబుతారు. 100 మిల్లీమీటర్ల సెంటర్ ఎత్తు, 200 మిల్లీమీటర్ల స్వింగ్ రెండూ ఒకటే. పైగా స్వింగ్ అన్నది బెడ్ మీద లెక్క. టూల్‌ని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ మీదికి వచ్చేసరికి అది బాగా తగ్గుతుంది. 180 మిల్లీమీటర్ల స్వింగ్ ఉన్న మినీ లేత్‌లో క్రాస్ స్లైడ్ మీద తిరిగేది 110 దగ్గరే. సెంటర్ల మధ్య దూరం కూడా అంతే. 350 అని రాసి ఉంటుంది. చక్ కొంత తింటుంది, టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ చక్, దానిలో డ్రిల్ పెడితే ఇంకొంత పోతుంది. చివరికి జాబ్‌కి, అంటే తిప్పే ముక్కకి, మిగిలే చోటు చూసి బెంగపడతావు. నీ కాగితంలో పొడవైన ముక్క ఎంత ఉందో, దానికి ఇంకో 200 అయినా కలుపుకో.

మినీ లేత్ బరువు 40 కిలోల దగ్గర ఉంటుంది, ఇద్దరు ఎత్తి బల్ల మీద పెట్టేయొచ్చు. ఆ సుఖమే దాని లోపం కూడా. ఉక్కు మీద కాస్త లోతుగా కోత వేయగానే వణుకుతుంది, జాబ్ మీద అలలు అలలుగా గీతలు పడతాయి. ఇత్తడి, అల్యూమినియం చిన్న ముక్కలకైతే సరే. నువ్వు చెప్పిన షాఫ్టులకి మాత్రం కాదు. నీ గది, నీ తలుపు, నీ నేల ఒప్పుకున్నంతలో బరువైనదే తీసుకో.

మోటారు గురించి చాలా టెన్షన్ పడుతున్నట్టు రాశావు. గుర్రాల లెక్క (హెచ్‌పీ) కన్నా, నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం ఉంటుందా అన్నది చూడు. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మెత్తని ఉక్కుని నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయాలనుకో. 25 మిల్లీమీటర్ల కడ్డీకి నిమిషానికి 318 తిరుగుళ్లు పడతాయి. అదే 100 మిల్లీమీటర్ల పోత ఇనుము చక్రం, 20 మీటర్ల వేగం అయితే 64 తిరుగుళ్లే. మర కోసేటప్పుడు కూడా 60, 70 దగ్గర ఉంటేనే చెయ్యి కంగారుపడదు. బెల్టు మార్చో, గేరు మార్చో వేగం తగ్గిస్తే తిప్పే బలం పెరుగుతుంది. నాబ్ తిప్పి మోటారునే నెమ్మది చేస్తే ఆ లాభం ఉండదు, కోత పడగానే ఆగిపోతుంది. కాబట్టి నాబ్ ఉన్నా పరవాలేదు, దానితో పాటు రెండు మూడు బెల్టు స్థానాలో వేగం బాగా తగ్గించే బ్యాక్ గేరో ఉందా అని అడుగు. మెషిన్‌కి త్రీ ఫేజ్ మోటారు ఉందని భయపడి వదిలేయకు. ఇంట్లో సింగిల్ ఫేజే ఉన్నా వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ కరెంటుని త్రీ ఫేజ్‌గా మార్చే పెట్టె) పెట్టి రెండు హెచ్‌పీ మోటారుని చక్కగా నడుపుకోవచ్చు.

మరలు కోయడం నీకు తప్పదు కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. చాలా పాత మిషన్లలో మరలు అంగుళానికి ఇన్ని పళ్లు అనే లెక్కలో ఉంటాయి, కొత్తవి మిల్లీమీటర్లలో. నీకు రెండూ కావాలి. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, అంటే 127ని 5తో భాగిస్తే వచ్చేది. అందుకే ఒక లెక్క లీడ్‌స్క్రూ (మర కోసేటప్పుడు టూల్‌ని నడిపే పొడవాటి మర కడ్డీ) మీద రెండో లెక్క మర తప్పు లేకుండా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి. మెషిన్‌తో పాటు ఆ గేరు ఉందో లేదో చేత్తో పట్టుకుని లెక్కపెట్టు. కొన్ని మెషిన్లలో వేరే గేర్లతో దగ్గర లెక్క వస్తుంది. పొట్టి మరకి అది చాలుతుంది, పొడవాటి మరకి తేడా పోగవుతుంది. ఇంకో సంగతి, ఇలా లెక్క మార్చి కోసేటప్పుడు లీడ్‌స్క్రూని పట్టుకునే హాఫ్ నట్ తెరవకూడదు. ప్రతి కోతకీ టూల్ వెనక్కి లాగి, మోటారు వెనక్కి తిప్పి మొదటికి రావాలి. చక్ మరతో బిగించే రకం అయితే వెనక్కి తిప్పినప్పుడు అది ఊడే ప్రమాదం ఉంది. కామ్‌లాక్‌తోనో (తిప్పి బిగించే పిన్నులు) బోల్టులతోనో బిగించే స్పిండిల్ ఉంటే ఆ బెంగ ఉండదు. టూల్ కోణం చూసుకో: మెట్రిక్‌కి 60 డిగ్రీలు, విట్‌వర్త్‌కి (పాత బ్రిటిష్ అంగుళాల మర) 55.

కొత్తదా పాతదా? పాత బరువైన లేత్ బాగుంటే, అదే డబ్బుకి వచ్చే కొత్త తేలికైనదానికన్నా వంద పాళ్లు మేలు. బాగుంటే అన్నాను. ఒకసారి కొత్త రంగు వేసి మెరిసిపోతున్న లేత్ చూసి నేను మోసపోయాను. ఇంటికి తెచ్చి తిప్పితే చక్ దగ్గర ఒక కొలత, చివర ఇంకో కొలత. రంగు కింద బెడ్ అరిగిపోయి ఉంది. ఆ బాధ నీకు రాకూడదు, అందుకే ఎలా చూడాలో చెబుతున్నాను.

బెడ్ అన్నిటికన్నా ఎక్కువ అరిగేది చక్ దగ్గరే, పనంతా అక్కడే జరుగుతుంది కాబట్టి. టూల్‌ని బెడ్ వెంబడి మోసే క్యారేజ్‌ని చక్ దగ్గర పెట్టి, ప్లే లేకుండా సులువుగా కదిలేలా బిగించు. అలాగే టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకుంటూ వెళ్లు. చివరికి వెళ్లేసరికి బిగుసుకుపోతే, ఆ బిగువే అరుగుదల. తర్వాత చక్‌లో లావైన కడ్డీ బిగించి, డయల్ గేజి (సన్నని కదలికను ముల్లుతో చూపేది) ఆనించి, కడ్డీని చేత్తో గట్టిగా పైకి లాగు. ముల్లు 0.03 మిల్లీమీటర్లు దాటి కదిలితే స్పిండిల్ బేరింగుల సంగతి అడగాలి. అన్ని స్పీడుల్లోనూ నడిపించు. ప్రతి చుట్టుకీ ఒకసారి టక్ మంటే గేరు పన్ను విరిగి ఉండవచ్చు. క్రాస్ స్లైడ్ హ్యాండిల్ కొంచెం ఊరికే తిరిగితే దిగులు పడకు, నట్ మార్చుకోవచ్చు. బెడ్ మార్చుకోలేం.

అన్నిటికన్నా నమ్మకమైనది కోసి చూడటం. నీ దగ్గరి కడ్డీ ఒకటి తీసుకెళ్లు, లావుది. టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా చక్‌లో పట్టి, మధ్యలో తగ్గించి, రెండు చివరలా 100 మిల్లీమీటర్ల దూరంలో రెండు పట్టీలు వదిలి, వాటి మీద ఒకే అమరికతో పల్చటి కోత వెయ్యి. రెండింటినీ మైక్రోమీటర్‌తో కొలువు. తేడా 0.02 లోపు ఉంటే ఇంటి పనికి బాగుంది. ఎక్కువ ఉంటే వెంటనే పక్కన పెట్టేయకు, మెషిన్ నేల మీద సమంగా లేకపోయి బెడ్ మెలితిరిగినా ఇలా వస్తుంది. కానీ అమ్మేవాళ్లు కోసి చూడనివ్వకపోతే మాత్రం తిరిగి వచ్చెయ్.

డబ్బంతా మెషిన్‌కే పెట్టకు. మూడో వంతైనా సామాన్లకి ఉంచు. మూడు దవడల చక్ దానంతటదే సెంటర్ పట్టుకుంటుంది గానీ, 0.05 నుంచి 0.1 దాకా తప్పు ఉండటం మామూలే. తిప్పిన ముక్కను తీసి మళ్లీ పెట్టి పని చేయాలంటే నాలుగు దవడల చక్, డయల్ గేజి కావాలి. మొదట్లో ఒక్క ముక్క సెంటర్ చేయడానికి అరగంట పడుతుంది, రెండు వారాలకి రెండు నిమిషాల పని అవుతుంది. స్టెడీ రెస్ట్ మెషిన్‌తోనే అడుగు, తర్వాత ఆ సైజుకి సరిపోయేది దొరకడం కష్టం. తిరిగే సెంటర్, డ్రిల్ చక్, బెంచి గ్రైండరు, హెచ్‌ఎస్‌ఎస్ టూళ్లు. టూల్ సాన పట్టడం నేర్చుకో. కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) ముక్కలు బలమైన, వేగమైన మెషిన్ల మీద బాగుంటాయి, నెమ్మదిగా తిరిగే చిన్న మెషిన్ మీద సాన పట్టిన హెచ్‌ఎస్‌ఎస్సే నునుపుగా కోస్తుంది.

ఇంటికి తెచ్చే రోజున తొందరపడకండి. లేత్ బరువంతా హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే పెట్టె) వైపు, పైనా ఉంటుంది, ఇట్టే పక్కకి ఒరిగిపోతుంది. క్యారేజ్‌నీ టెయిల్‌స్టాక్‌నీ చివరికి జరిపి బరువు సరిచేసి, బెడ్‌కి తాడు కట్టి ఎత్తించు. లీడ్‌స్క్రూకి తాడు తగిలితే అది వంగిపోతుంది. స్పిండిల్ మధ్య నీ మోచేతి ఎత్తుకి వచ్చేలా నిలబెట్టు, లేకపోతే నడుము పోతుంది.

లేత్ దగ్గర చేతి తొడుగులు వద్దు. చున్నీ, పొడుగు చేతులు, గాజులు, ఉంగరం ఏవీ వద్దు. జుట్టు గట్టిగా ముడి వేసి టోపీలో పెట్టు. కళ్లద్దాలు తీయకు. తురుముని చేత్తో లాగకు, కొక్కెంతో తియ్యి. చక్ తాళం (దవడలు బిగించే తాళంచెవి) బిగించిన చెయ్యి దాన్ని వదలకుండా బయటికి తీసెయ్యాలి, ఇది అలవాటు అయ్యేదాకా పెద్ద పని ఏదీ పట్టుకోకు. మా షాపులో ఒక కుర్రాడు చక్‌లో తాళం మరిచి స్విచ్ వేశాడు. అది ఎగిరి అతని చెంప పక్క నుంచి పోయి గోడలో గుంట చేసింది. ఆ గుంట నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

మెషిన్ ఏదైనా నచ్చితే ఫొటోలు పంపు. మొత్తం మెషిన్ ఫొటో ఒకటి చాలు. చక్ తీయించి స్పిండిల్ ముక్కు దగ్గరగా ఒకటి, చక్ కింద బెడ్ మీద వెలుతురు పక్కనుంచి పడేలా ఒకటి, గేర్ల మూత తెరిచి ఒకటి. నీ పనుల కాగితం కూడా జత చెయ్యి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. కోసి చూసే రోజు ముందుగా చెబితే నా మైక్రోమీటర్ తీసుకుని నేనూ వస్తాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

నీ మామయ్య