పన్నెండు ఓడలున్న సంస్థలో కాలుష్యం తగ్గించే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బొగ్గు, ధాన్యం లాంటి సరుకు మోసే పన్నెండు బల్క్ క్యారియర్లు నడిపే సంస్థలో పర్యావరణ బాధ్యత కొత్తగా మీకు అప్పగించారు. కొత్త ఓడలు కొనే డబ్బు ఇప్పట్లో లేదు. ద్రవరూప సహజవాయువుకు, అంటే ఎల్‌ఎన్‌జీకి, మారమని ఒకరు, పొగను కడిగే స్క్రబ్బర్లు పెట్టించమని ఇంకొకరు, తెరచాపలా గాలిని పట్టే రెక్కలు బిగించమని మరొకరు మీ వెంట పడుతున్నారు. ముందు దేనికి ఒప్పుకోవాలని అడిగారు.

ఇప్పుడే దేనికీ ఒప్పుకోకండి. నేను పదిహేడేళ్లు ఇంజిన్ రూముల్లో పనిచేశాను, అందులో చివరి ఆరేళ్లు చీఫ్ ఇంజినీరుగా. తర్వాత ఒడ్డుకు వచ్చి తొమ్మిది ఓడల సాంకేతిక నిర్వహణ చూశాను. నాకు తెలిసి ఏ సంస్థలోనైనా ఎక్కువ ఇంధనం వృథా అయ్యేది, రేవుకు తొందరపడి చేరి అక్కడ పడిగాపులు కాయడంలోనే. దాన్ని సరిచేయడానికి యంత్రం అక్కర్లేదు, ఒప్పందపత్రంలో నాలుగు వాక్యాలు మారితే చాలు. కానీ ఆ నాలుగు వాక్యాలు మార్పించడమే అన్నిటికంటే కష్టం.

నేను చూసిన ఒక ప్రయాణం చెబుతాను. 82 వేల టన్నుల ఓడ, నిండా బొగ్గు, 4,200 నాటికల్ మైళ్ల దూరం. వేగం తగ్గకూడదని ఆఫీసు నుంచి రోజూ సందేశం వచ్చేది. 14 నాట్లతో, అంటే గంటకు 14 నాటికల్ మైళ్ల వేగంతో, రోజుకు 32 టన్నుల ఇంధనం కాలుస్తూ పన్నెండున్నర రోజుల్లో చేరాం. లంగరు వేసే చోటు దగ్గరపడేసరికి రాడార్ తెర నిండా చుక్కలు. మాకంటే ముందు ముప్పై ఎనిమిది ఓడలు వరుసలో ఉన్నాయి. బెర్తు, అంటే సరుకు దించడానికి రేవులో చోటు, దొరకడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

లంగరు వేసిన రాత్రి కంట్రోల్ రూములో కూర్చుని ఒక కాగితం మీద లెక్క వేశాను. వేగం పది శాతం తగ్గిస్తే ఇంజిన్ ఇవ్వవలసిన శక్తి సుమారు 27 శాతం తగ్గుతుంది. ప్రయాణానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి గమ్యం చేరేసరికి ఆదా 19 శాతం దగ్గర నిలుస్తుంది. మేము 14కు బదులు 12 నాట్లతో వచ్చి ఉంటే రోజుకు 20 టన్నులు సరిపోయేవి, ప్రయాణానికి మరో రెండు రోజులు పట్టేది, మొత్తం మీద నూరు టన్నులకు పైగా ఇంధనం మిగిలేది. టన్ను హెవీ ఫ్యూయెల్ ఆయిల్‌కు 3.114 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, అంటే ఐఎంఓ, లెక్క కడుతుంది. అంటే మూడు వందల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను ఏ ప్రయోజనమూ లేకుండా గాలిలోకి వదిలాం. రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా ఇంకా పదిహేడు రోజులు ఆగవలసే ఉండేది. ఆ కాగితం చాలాకాలం నా డైరీలో ఉండిపోయింది.

కెప్టెన్‌కు ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. ఆయన చేతిలో ఏమీ లేదు. సరుకు రవాణా ఒప్పందాల్లో ‘వీలైనంత త్వరగా చేరాలి’ అనే షరతు ఎప్పటినుంచో ఉంది. ఓడ చేరి ‘సిద్ధంగా ఉన్నాం’ అని నోటీసు ఇచ్చాకే సరుకు దించడానికి ఇచ్చిన గడువు లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత గడువు దాటితే ఓడ యజమానికి డెమరేజ్, అంటే ఆలస్యానికి పరిహారం, వస్తుంది. చాలా రేవుల్లో ముందు వచ్చినవారికి ముందు బెర్తు. ఇన్ని ఒత్తిళ్ల మధ్య కెప్టెన్ నెమ్మదిగా వస్తే నష్టపోయేది అతని సంస్థే. ఇక టైం చార్టర్ అయితే, అంటే ఓడను కొంతకాలానికి అద్దెకిస్తే, ఇంధనం ఖర్చు అద్దెకు తీసుకున్న చార్టరర్‌ది, ఓడను మెరుగుపరిచే ఖర్చు యజమానిది. ఒకరు పెట్టుబడి పెడితే ఇంకొకరు లాభపడతారు కాబట్టి ఇద్దరూ కదలరు.

అందుకే మొదటి రోజే ఓడలను అద్దెకిచ్చే మీ చార్టరింగ్ విభాగం వారితో కూర్చోండి. బెర్తు ఖాళీగా లేదని తేలినప్పుడు ఓడ వేగం తగ్గించుకోవచ్చనీ, మామూలు వేగంతో వచ్చి ఉంటే ఏ రోజు చేరేదో ఆ రోజునే చేరినట్టు లెక్కిస్తారనీ, మిగిలిన ఇంధనం విలువను ఇద్దరూ పంచుకుంటారనీ రాసుకునే షరతులు ఇప్పటికే ఉన్నాయి. నౌకా వ్యాపారుల అంతర్జాతీయ సంఘం బిమ్కో అలాంటి నమూనా వాక్యాలు తయారుచేసి పెట్టింది. అందరు సరుకుదారులూ ఒప్పుకోరు. మేము ఏడాదంతా తిరిగితే ఇద్దరు ఒప్పుకున్నారు. ఆ ఇద్దరి సరుకుతో నడిచిన ప్రయాణాల్లోనే, తొమ్మిది ఓడల మీద మేము చేసిన సాంకేతిక మార్పులన్నిటికంటే ఎక్కువ ఇంధనం మిగిలింది.

ఒక హెచ్చరిక. ‘నెమ్మదిగా నడపండి’ అని ఒక్క వాక్యం పంపి ఊరుకోకండి. పెద్ద ఇంజిన్‌ను రోజుల తరబడి తక్కువ లోడ్ మీద నడిపితే పొగ మార్గంలో మసి పేరుకుంటుంది. ఎగ్జాస్ట్ బాయిలర్ ట్యూబుల మీది ఆ మసి అంటుకుని కాలితే ప్రాణాపాయం. లోడ్ బాగా తగ్గితే ఇంజిన్‌కు గాలి అందించే సహాయక బ్లోయర్లు వాటంతట అవే నడుస్తాయి, మిగిల్చిన దాంట్లో కొంత అవే తినేస్తాయి. ఎంత తక్కువ దాకా దిగవచ్చు, రోజులో ఎంతసేపు లోడ్ పెంచి మసి ఊదాలి అన్నది ఇంజిన్ తయారీదారుతోనూ ఓడలోని చీఫ్ ఇంజినీరుతోనూ మాట్లాడి రాతపూర్వకంగా నిర్ణయించండి.

రెండో సంగతి ఓడ అడుగు. పైన చెప్పిన ఓడే బొగ్గు దించి ఖాళీగా బయలుదేరింది. ఖాళీ ప్రయాణంలో దానికి రోజుకు 26 టన్నులు సరిపోయేవి, ఈసారి 30 దాటింది. ఇంజిన్‌లో లోపం ఉందేమోనని ఇంజెక్టర్లన్నీ విప్పి పరీక్షించాం, ఏమీ దొరకలేదు. తరువాతి రేవులో గజ ఈతగాళ్లను దింపి వాళ్ల కెమెరా దృశ్యాలు డెక్ మీద నుంచి చూశాను. ప్రొపెల్లర్ రెక్కల మీద చిటికెన వేలి గోరంత తెల్లని గుల్లలు వరుసలు కట్టి ఉన్నాయి. ఓడ పక్కల మీద పచ్చని పాకుడు. ఈతగాడు చేత్తో తుడిస్తే మేఘంలా లేచింది. సముద్రపు నీరు లోపలికి తీసుకునే జాలీలు సగం మూసుకుపోయాయి. వెచ్చని నీటిలో పంతొమ్మిది రోజులు కదలకుండా నిలబడిన ఫలితం అది. తొందరగా చేరి ఆగినందుకు ఇంధనం మూల్యం రెండుసార్లు చెల్లించామని అప్పుడు అర్థమైంది.

ప్రొపెల్లర్‌ను నున్నగా పాలిష్ చేయించడానికి ఒక పూట సరిపోయింది. రోజువారీ ఇంధనం 28 టన్నులకు దిగింది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే పని నేను మరొకటి చూడలేదు. ఆరు నెలలకొకసారి ఈతగాళ్లతో తనిఖీ చేయించండి. ఇరవై రోజులు నిలబడిన ఏ ఓడనైనా మళ్లీ దూరప్రయాణానికి పంపేముందు తప్పక చూపించండి.

అయితే అడుగు శుభ్రం చేయించడంలో సముద్రానికి చెడు జరగకుండా చూడాలి. గట్టి బ్రష్‌లతో గీకితే రంగులోని రాగి నీటిలో కలుస్తుంది. ఒక సముద్రం జీవులు ఇంకో సముద్రంలో రాలిపడి అక్కడ విస్తరిస్తాయి. రాలినదాన్ని పీల్చి పట్టుకునే పరికరాలున్న వారికే పని అప్పగించండి, ఖర్చు ఎక్కువైనా సరే. ఒకప్పుడు ఓడల అడుగున పూసిన ట్రైబ్యూటైల్ టిన్ రంగు సముద్రపు నత్తల పునరుత్పత్తినే దెబ్బతీసింది. అంతర్జాతీయ నిషేధం 2008లో గాని అమల్లోకి రాలేదు. గుల్లలు పట్టకుండా పూసే రంగు ఎంతటి హాని చేయగలదో అప్పుడు చూశాం. ఓడను నీటి నుంచి బయటికి తీసి మరమ్మతు చేసే డ్రైడాక్‌కు వెళ్లినప్పుడు రంగు ధరతో పాటు అందులో ఏముందో కూడా అడగండి.

ఇవన్నీ చేయాలంటే లెక్కలు నిజం కావాలి. ఓడల నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చే నూన్ రిపోర్ట్‌లోని అంకెలను పూర్తిగా నమ్మకండి. చాలామంది చీఫ్ ఇంజినీర్లు కొంత ఇంధనం లెక్కకు రాకుండా ఉంచుకుంటారు. నేనూ ఉంచుకున్నాను. అమ్ముకోవడానికి కాదు. వాతావరణం చెడి ఒక రోజు ఎక్కువ కాలితే ఆఫీసు నుంచి వచ్చే సంజాయిషీ లేఖకు భయపడి. ఒడ్డుకు వచ్చాక తొమ్మిది ఓడలకూ ఒకే లేఖ రాశాను: ఈ నెలాఖరులోగా ట్యాంకుల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎవరినీ ఏమీ అడగం. దాదాపు 300 టన్నులు బయటపడ్డాయి. ఆ తర్వాత వచ్చిన అంకెలతోనే ఏ ఓడ అడుగు పాడైందో, ఏ ఇంజిన్ అలసిందో కనిపెట్టగలిగాం. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద శక్తిని కొలిచే టార్క్ మీటరూ, ఇంధన మార్గంలో ఎంత ఇంధనం పోతోందో కొలిచే మాస్ ఫ్లో మీటరూ పెట్టించడానికి డబ్బు అడగండి. కానీ ముందు సిబ్బందికి భయం పోవాలి. మీటర్ చెప్పేదాన్ని భయంతో సర్దిపెట్టే మనిషి ఉంటే మీటర్ వల్ల ఉపయోగం లేదు.

జనరేటర్ల విషయం కూడా భయంతోనే ముడిపడింది. ఒకటి 70 శాతం లోడ్‌తో సరిపోయే చోట, బ్లాకౌట్ అవుతుందన్న భయంతో రెండింటిని 35 శాతం మీద నడుపుతారు. ఇరుకు జలమార్గాల్లో, రేవులోకి వచ్చిపోయేటప్పుడు అది న్యాయమే. నడిసముద్రంలో అవసరం లేదు.

ఇప్పుడు మీ వెంట పడుతున్నవారి సంగతి. ఎల్‌ఎన్‌జీ కాలినప్పుడు కార్బన్ డయాక్సైడ్ తక్కువే వస్తుంది. కానీ కొన్ని రకాల ఇంజిన్లలో, ముఖ్యంగా తక్కువ పీడనంతో పనిచేసే వాటిలో, కొంత మీథేన్ కాలకుండానే పొగ గొట్టం నుంచి పోతుంది. ఇరవై ఏళ్ల వ్యవధిలో చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు. పాత ఓడలను దానికి మార్చడం మీ బడ్జెట్‌లో జరిగే పని కాదు, జరిగినా నేను సలహా ఇవ్వను.

స్క్రబ్బర్ మీద నా అభిప్రాయం గట్టిది. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.50 శాతం నుంచి 0.50 శాతానికి తగ్గాలని నియమం వచ్చింది. స్క్రబ్బర్ ఉంటే పాత చవక ఇంధనమే కాల్చుకోవచ్చు. ఓపెన్ లూప్ రకంలో పొగను కడిగిన ఆమ్లపు నీరు, అందులోని లోహాలతో సహా, సముద్రంలోకే పోతుంది. గాలికి పోవలసినదాన్ని నీటికి పంపడాన్ని పర్యావరణ చర్య అనలేం. ఎన్నో రేవులు దాన్ని ఇప్పటికే నిషేధించాయి. వద్దనండి.

గాలి రెక్కలను మాత్రం కొట్టిపారేయకండి. జర్మన్ ఇంజినీర్ ఆంటన్ ఫ్లెట్నర్ తిరిగే స్తంభాలతో బుకావు అనే ఓడను 1924లోనే సిద్ధం చేశాడు. 2023లో పిక్సిస్ ఓషన్ అనే బల్క్ క్యారియర్ నిలువు రెక్కలతో సముద్రంలోకి వెళ్లింది. పక్క నుంచి నిలకడగా గాలి వీచే దూరమార్గాల్లో ప్రయోజనం నిజమే. మీ ఓడలు ఏడాదిలో ఎన్ని రోజులు అలాంటి మార్గాల్లో ఉంటాయో, రేవు క్రేన్లకు స్తంభాలు అడ్డొస్తాయో లేదో లెక్క తేల్చాకే మాట్లాడండి.

నియమాల్లో మీరు మొదట నేర్చుకోవలసింది 2023 నుంచి అమల్లో ఉన్న సీఐఐ, అంటే కార్బన్ తీవ్రత సూచిక. ఏడాదిలో వెలువడిన కార్బన్‌ను ఓడ సామర్థ్యంతోనూ తిరిగిన దూరంతోనూ భాగించి ఎ నుంచి ఇ దాకా గ్రేడ్ ఇస్తారు. వరుసగా మూడేళ్లు డి వచ్చినా, ఒక్క ఏడాది ఇ వచ్చినా దిద్దుబాటు ప్రణాళిక ఇవ్వాలి. లంగరు మీద నిలబడితే దూరం పెరగదు, జనరేటర్ ఆగదు, గ్రేడ్ పడిపోతుంది. పడిగాపుల మీద యాజమాన్యాన్ని కదిలించడానికి ఈ ఒక్క వాదన చాలు. గ్రేడ్ కోసం ఓడను ఊరికే తిప్పమని ఎవరైనా సూచిస్తే ఎదురు చెప్పండి. గాలిలోకి వెళ్లేది టన్నులే, గ్రేడ్ కాదు. మీ ఓడలు ఐరోపా రేవులకు వెళ్తుంటే 2024 నుంచి అక్కడి కార్బన్ వాణిజ్య పథకం కింద డబ్బు కూడా కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో చార్టర్ ఒప్పందంలో రాసుకోవడం మరవకండి.

ఇంకొక్క మాట. ఇంజిన్ రూం మురికినీరు 15 పీపీఎం కంటే ఎక్కువ, అంటే పది లక్షల భాగాల్లో పదిహేనుకు మించిన, నూనెతో సముద్రంలోకి పోకూడదు. మిగిలిన మడ్డిని రేవులో అప్పగించాలి, దానికి బిల్లు వస్తుంది. ఆ బిల్లు చూసి ‘ఈసారి ఇంత ఎందుకైంది’ అని ఆఫీసు అడిగిన ప్రతిసారీ, నీటి నుంచి నూనెను వేరుచేసే సెపరేటర్‌ను తప్పించి దొంగ పైపు వేయడానికి ఎవరో ఒక యువ ఇంజినీర్‌ను మనమే తోసినట్టు. మేము ఆ పద్దును ఓడ బడ్జెట్ నుంచి పూర్తిగా తీసేసి ఆఫీసు ఖర్చు కింద రాశాం. ఓడ నిలకడ కోసం నింపుకునే బ్యాలస్ట్ నీటి శుద్ధి యంత్రం ఫిల్టర్లకూ అదే పద్ధతి పెట్టాం. బురద రేవుల్లో అవి గంటలోపే మూసుకుపోతాయి. విడి ఫిల్టర్లు లేకపోతే సిబ్బంది చేయగలిగింది ఏమీ ఉండదు.

మీ పన్నెండింటిలో టైం చార్టర్ మీద ఎన్ని ఉన్నాయి, గత ఏడాది ఒక్కొక్కటి లంగరు మీద ఎన్ని రోజులు ఉంది, చివరి డ్రైడాక్ ఎప్పుడు జరిగింది — ఈ మూడు వివరాలు ఇక్కడ రాయండి. ముందు ఏ ఓడ అడుగు చూడాలో, ఏ సరుకుదారుతో మాట్లాడాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.