కోవిడ్ తగ్గి రెండు నెలలైనా నాన్నకు తిండి సహించడం లేదు

ప్రశ్న: మా నాన్నకు 71 ఏళ్లు, షుగర్ ఉంది. 2021 మే మొదట్లో కోవిడ్ వస్తే ఇంట్లోనే ఉంచి మందులు వాడాం. డాక్టర్ కొన్ని రోజులు స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. రెండు నెలలు దాటినా మజ్జిగన్నం తప్ప ఏదీ సహించడం లేదంటున్నారు. 62 కిలోల మనిషి 58కి వచ్చారు. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించుకోవాల్సి వస్తోంది. జాగ్రత్త కోసం ఇంకా విడి గదిలోనే ఉంచి, భోజనం అక్కడికే పంపుతున్నాం. రోజుకు మూడుసార్లు కషాయం ఇస్తున్నాం, జింక్, విటమిన్ సి మాత్రలు కూడా ఆపలేదు. బలానికి ఏం పెట్టాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. తిండి సగానికి పడిపోయినా షుగర్ మాత్రలు పాత డోసులోనే వేస్తుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. స్టెరాయిడ్ వాడాక షుగర్ పెరిగిపోయి, దానివల్లే బరువు తగ్గుతూ ఉండొచ్చు కూడా. రేపు ఉదయం పరగడుపున, తిన్న రెండు గంటలకు పరీక్ష చేయించి మీ డాక్టర్‌కు చూపించండి. డోసు మార్చాలా వద్దా ఆయన చెబుతారు. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ మాటా చెప్పండి, కొందరికి దానివల్ల ఆకలి తగ్గుతుంది.

నాలుగు కిలోలంటే ఆయన బరువులో ఆరు శాతానికి పైనే. ఆరు నెలల్లో ఐదు శాతం తగ్గినా మేం తేలిగ్గా తీసుకోం. చేతులు ఆనించి లేస్తున్నారంటే తొడల్లో కండ తగ్గిందన్నమాట. జ్వరం, మంచం పట్టడం, స్టెరాయిడ్, చాలని తిండి అన్నీ కలిసి చేసిన పని అది. దయచేసి వయసు మీద పడిందిలే అని వదిలేయకండి.

ఈ వయసులో కిలో బరువుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఆయనకు 60 నుంచి 70 గ్రాములు. మజ్జిగన్నంతో అందులో సగం కూడా రాదు. గుడ్డుకు ఆరు గ్రాములు, గ్లాసు పాలకు ఇంచుమించు అంతే. పొద్దున పెసరట్టు, గుడ్డు. మధ్యాహ్నం అన్నం తగ్గించి ముద్దపప్పు, గట్టి పెరుగు. సాయంత్రం మెత్తగా ఉడికిన శనగలు. మాంసాహారం తింటే చేపో, చికెన్ కీమానో. ఒకేసారి పళ్లెం నింపకుండా ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. వాసన, రుచి ఇంకా పూర్తిగా రాకపోతే నిమ్మరసం, కొత్తిమీర కారం తోడు చేయండి. కట్టుడు పళ్లుంటే వదులయ్యాయేమో చూడండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ప్రొటీన్ పెంచేముందు డాక్టర్‌ని అడగాలి.

కషాయం ఆపేయండి. రోజూ అన్నిసార్లు మిరియాలు, శొంఠి పడితే కడుపులో మంట పుట్టి, ఉన్న ఆకలీ చస్తుంది. జింక్ కూడా వికారం పుట్టిస్తుంది. రెండు నెలల తర్వాత ఆ మాత్రలతో పనిలేదు.

ఇక ఆ విడి గది. నాకు అన్నిటికన్నా బాధనిపించింది అదే. 2021 నాటి నిబంధనల ప్రకారమే, ఇంట్లో ఉండి తగ్గినవారిని పది రోజులయ్యాక, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే, విడిగా ఉంచక్కర్లేదు. ఆయన నుంచి మీకు ఇప్పుడు కోవిడ్ రాదు. గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయిన పళ్లెంలో అన్నం ఎవరికి సహిస్తుంది? ఈ పూటే అందరితో కలిపి కూర్చోబెట్టండి, మనవల్ని పక్కన కూర్చోనివ్వండి. తిండి పెరగడానికి నేను రాసే ఏ టానిక్కూ దీనికి సాటి రాదు. అయినా రెండు వారాల్లో ఆయన ముభావంగానే ఉంటే, నిద్ర పట్టకపోతే, డిప్రెషన్ ఉందేమో డాక్టర్‌తో మాట్లాడండి. దానికి మంచి వైద్యం ఉంది.

కండ పెరగాలంటే తిండితోపాటు కదలిక ఉండాలి. డాబా మీద పూటకు పది నిమిషాల నడక, గోడకు ఆనించిన కుర్చీలోంచి ఐదారుసార్లు లేచి కూర్చోవడం, పక్కన ఒకరు ఉండగా చేయించండి. ఆయాసం వస్తే ఆపాలి.

వారానికోసారి బరువు రాసుకోండి. నెలలోపు పెరగకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్, బి12తోపాటు ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, షుగర్ ఉన్నవారిలో టీబీ కూడా ఇలాగే మొదలవుతుంది. మింగడం కష్టమైనా, విరేచనం నల్లగా వచ్చినా, ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా నెల ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.