కోడ్ ఒక మిషన్‌లో, టెస్టులు ఇంకో మిషన్‌లో

చిరంజీవి బిడ్డకు మీ చిన్నాయన ఆశీస్సులు.

హనుమకొండలో నలుగురు కలిసి ఆఫీసు తెరిచారని, కోడ్‌కు సొంత సర్వర్ పెట్టుకుంటామని, కోడ్ సర్వర్‌కు పంపిన (పుష్ చేసిన) ప్రతిసారీ టెస్టులు వాటంతట అవే నడవాలని రాశావు. మంచి పనే. మడికొండ ఐటీ పార్కులో పెద్ద కంపెనీలకైతే ఇట్లాంటివి చూసుకోవడానికి వేరే మనుషులుంటారు. నీ దగ్గర ఆ మనిషివీ నువ్వే. కాబట్టి అర్ధరాత్రి ఆగినా ఒక్కదానివే లేపగలిగేదే పెట్టుకో.

కోడ్ సర్వర్‌కు గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ వద్దు. అది మంచిది కాదని కాదు, నువ్వు కొన్న పాత డెస్క్‌టాప్‌లో మెమరీ అంతా అదే మింగేస్తుంది. అదే పని చేసే చిన్న సాఫ్ట్‌వేర్ గిటీ చాలు. 2016లో గాగ్స్ అనే ఇంకో కోడ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి చీలి వచ్చిన ప్రాజెక్టు అది. ప్రోగ్రాం అంతా ఒకే ఫైలు, నలుగురికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు సరిపోతుంది. టెస్టులు నడిపే యాక్షన్స్ అనే భాగం కూడా ఇప్పుడు అందులోనే వస్తోంది. టెస్టులు నడిపే వేరే సాఫ్ట్‌వేర్ జెంకిన్స్ నీకు ముందే అలవాటుంటే సరే, లేకపోతే దాని జోలికి పోకు.

గిటీ, టెస్టులు నడిపే రన్నర్ రెండూ ఒకే మిషన్‌లో పెడతానన్నావు చూడు, అదొక్కటి నాకు నచ్చలేదు. టెస్టు నడపడమంటే ఎవరో రాసిన కోడ్‌ను నీ మిషన్ మీద నడపనివ్వడమే. కొత్తగా చేరిన పిల్లాడు ఏదో లైబ్రరీ కలుపుతాడు. అది ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే దాని స్క్రిప్టులు నడుస్తాయి. రన్నర్ ఏ యూజర్ పేరుతో నడుస్తుందో ఆ యూజర్‌కు కనబడే ఫైళ్లన్నీ ఆ స్క్రిప్టులకూ కనబడతాయి. ప్రోగ్రాంలను కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే డాకర్‌లో పెట్టాను కదా అంటావేమో. డాకర్‌కు ఆజ్ఞలిచ్చే దారిని (డాకర్ సాకెట్‌ను) టెస్టు కంటైనర్ లోపలికి ఇచ్చావంటే మిషన్ మొత్తం, రూట్ అనే సర్వాధికారాలతో సహా, ఇచ్చేసినట్టే. అదీగాక టెస్టుల డాకర్ ఇమేజ్‌లు (కంటైనర్ల మూసలు) పేరుకుని డిస్క్ నిండితే గిటీ కూడా ఆగుతుంది, ఎవరూ పుష్ చేయలేరు. ఇంకో పాత పీసీ చూసుకుని రన్నర్ దాంట్లో పెట్టు. అది పాడైతే ఫార్మాట్ కొట్టి మళ్లీ పెట్టుకోవచ్చు, ఏడవాల్సిందేమీ ఉండదు.

ఇవన్నీ ఎందుకు, సర్వర్‌లో ఉత్త గిట్ నిల్వ (బేర్ రిపాజిటరీ) పెట్టి, పుష్ అందగానే నడిచే స్క్రిప్టు (పోస్ట్-రిసీవ్ హుక్)లో టెస్టులు రాస్తే పోదా అనేవాళ్లు దొరుకుతారు. పనిచేస్తుంది, కాని ఆ హుక్ ముగిసేదాకా పుష్ చేసినవాడి టెర్మినల్ కదలదు. పైగా అప్పటికే కోడ్ లోపలికి వెళ్లిపోయి ఉంటుంది, టెస్టు ఫెయిలైనా చేసేదేం లేదు. గిటీలో మెయిన్ బ్రాంచ్‌కు, అంటే అసలు కోడ్‌కు, రక్షణ పెట్టి, టెస్టులు పాసైతేనే కొత్త కోడ్ అందులో కలిసేట్టు (మెర్జ్ అయ్యేట్టు) చెయ్యి. ఆ నియమం నీకూ వర్తించాలి. ఓనర్ అని నువ్వే దాటేస్తే మిగతావాళ్లు వారం కూడా పాటించరు.

జెంకిన్స్ పెడితే ఒక చిక్కు. కోడ్ వచ్చిందని దానికి కబురు (వెబ్‌హుక్) పంపమంటే గిటీ మొదట ఒప్పుకోదు. లోకల్ నెట్‌వర్క్ అడ్రసులకు వెబ్‌హుక్ పంపొద్దనేదే దాని మామూలు సెట్టింగు. యాప్ డాట్ ఐఎన్ఐ అనే గిటీ సెట్టింగుల ఫైలులో వెబ్‌హుక్ విభాగం కింద అనుమతించే హోస్టుల జాబితాలో ప్రైవేట్ అని రాసి రీస్టార్ట్ చెయ్యి. యాక్షన్స్ వాడితే ఈ గోల లేదు, రన్నరే వెళ్లి పని అడుగుతుంది.

ఒకసారి పాసై, ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టు కనిపిస్తే ఆ రోజే పక్కన పెట్టి బాగుచెయ్యి. "మళ్లీ రన్ కొట్టు, పాసవుతుంది" అనే మాట ఆఫీసులో మొదలైందంటే ఫెయిలైందని చూపే ఎర్ర గుర్తును ఎవరూ పట్టించుకోరు.

బయటి నుంచి పని చేయాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకో, సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకు. బ్యాకప్ సంగతికి వస్తే, కోడ్ అందరి ల్యాప్‌టాపుల్లోనూ ఉంటుందిలే అని ధీమా పడకు. ఇష్యూలు, రివ్యూ కామెంట్లు, యూజర్లు డేటాబేసులో ఉంటాయి, ల్యాప్‌టాప్‌లోని కోడ్ కాపీ (క్లోన్)లో రావు. గిటీ డంప్ (మొత్తం డేటా కాపీ) రోజూ తీసి వేరే డిస్క్‌లో పెట్టు, నెలకోసారి టెస్టులు నడపని వేరే పీసీలో దాన్ని తెరిచి చూడు.

ఎండాకాలం గాలిదుమారం వస్తే మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. బయాస్‌లో (పీసీ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు ఉంటుంది, రెండు పీసీలకూ అది పెట్టు. నా దగ్గర ఒక యూపీఎస్ ఖాళీగా ఉంది, కాజీపేట వైపు వచ్చినప్పుడు తెస్తా. బ్యాటరీ మాత్రం నువ్వే మార్పించుకోవాలి.

మీ చిన్నాయన