బోరు నీళ్లలో ఫ్లోరైడ్: బడిలో, ల్యాబులో, గ్రామసభలో

సైన్సు ప్రశ్నల శీర్షికకు ఈసారి ఫ్లోరైడ్ మీద నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాం.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో ఊళ్లోని బోరు నీళ్లు కిట్టుతో పరీక్ష చేయించాలనుంది. ఎలా మొదలుపెట్టాలి? పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?
– సైన్సు టీచరు, పొదిలి ప్రాంతం

జవాబు: మీ ప్రాంతానికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోవడం గురించి మన దేశంలో తొలి వైద్య నివేదికలు వచ్చింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి అప్పట్లో ఆ జిల్లాలోదే.

సగం పొరపాట్లు నీళ్లు పట్టేటప్పుడే జరిగిపోతాయి. అర లీటరు ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి, గాజువి వద్దు. సబ్బు తగలనివ్వొద్దు. మోటారు అయిదు నిమిషాలు నడిచాక, ట్యాంకు దగ్గర కాకుండా బోరు పైపు దగ్గరే పట్టాలి. ముందు అవే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి పారబోయాలి. బోరు నంబరు, తేదీ, టైము చెరగని మార్కరుతో సీసా మీదే రాయించండి, మూత మీద రాయనివ్వకండి. పది సీసాలు ఒకేసారి తెరిస్తే మూతలు తారుమారవుతాయి. ఆ రోజు రాసిన అంకెలన్నీ దండగే.

ప్రతి పూటా బోరు నీళ్లతోపాటు మూడు సీసాలు అదనంగా పెట్టండి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్. రెండోదాంట్లో లీటరుకు కచ్చితంగా 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం. మూడోది ఏదో ఒక బోరు నీళ్లే, మారు పేరుతో. రెండోదాని కోసం దగ్గరి డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ వాళ్లను అడగండి: ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములు లీటరు నీళ్లలో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం వస్తుంది. అందులో 10 మిల్లీలీటర్లు తీసి లీటరు చేస్తే మీకు కావలసింది తయారు. సోడియం ఫ్లోరైడ్ విషం, పిల్లల చేతికి ఇవ్వొద్దు. డిస్టిల్డ్ వాటర్‌కు కిట్టు రంగుల చార్టులోని 1.0 రంగు వచ్చినా, మారు పేరు సీసాకు వేరే అంకె వచ్చినా ఆ పూట లెక్క పక్కన పెట్టేయండి.

రంగును చార్టుతో పోల్చడం నీడలో, పగటి వెలుతురులో జరగాలి. పసుపు బల్బు కింద గులాబి రంగు కూడా పసుపుగానే కనబడుతుంది. ఇద్దరు పిల్లలు విడివిడిగా చూసి, ఒకరిది ఒకరికి చెప్పకుండా రాయాలి. రంగు 1.0కీ 1.5కీ మధ్య ఉంటే 'రెండిటి మధ్య' అనే రాయించండి. 1.25 అని రాసే పిల్లాడు తెలివైనవాడే గానీ, కంటికి అంత లెక్క తెలియదు.

వీలైతే అదే నీళ్లకు కాల్షియం వల్ల వచ్చే గట్టిదనం (కఠినత్వం) కూడా చూడండి, పాఠం అక్కడే ఉంది. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుస్తుంది. కాల్షియం తక్కువై బైకార్బొనేట్ ఎక్కువైతే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. కాల్షియం తక్కువుండి సబ్బు బాగా నురగొచ్చే తేట నీళ్లను ఊళ్లో మంచి నీళ్లంటారు, అందుకే వాటినీ వదలకుండా పరీక్షించాలి.

ఒక్క మాట. ఉత్సాహంలో పిల్లల పళ్ల ఫొటోలు తీసి ప్రాజెక్టులో అంటించకండి. పళ్ల మరకలకు ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, వేరే కారణాలూ ఉంటాయి. అది దంతవైద్యులు చూడాల్సింది, తల్లిదండ్రులు రాసిచ్చిన అనుమతితో జరగాల్సింది.

ప్రశ్న: నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?
– గృహిణి, నల్గొండ జిల్లా

జవాబు: పోదండీ. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది, కాబట్టి గాఢత కొంచెం పెరుగుతుంది కూడా. గుడ్డలో వడకట్టినా లాభం లేదు. మీ జిల్లా పేరుతోనే పిలిచే నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తేర్చి వడకడతారు. అయితే పటిక ఎంత వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారత చూసి తేల్చాలి. కంటి అంచనాతో వేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది, లేదా అల్యూమినియం మిగులుతుంది. తాగడానికీ వంటకూ శుద్ధి చేసిన నదీజలం అందుతుంటే బోరు నీళ్లు బట్టలకూ గిన్నెలకూ ఉంచుకోండి.

ప్రశ్న: ఒకే ట్యాంకు నీళ్లకు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో (నీళ్లలో ముంచి మిల్లీవోల్టుల్లో కొలిచే కడ్డీ) లీటరుకు 1.1 మిల్లీగ్రాములు, స్పాడ్న్స్ అనే రంగు కలిపి చూసే పద్ధతిలో 1.9 వస్తోంది. ఏది నమ్మాలి?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ట్యాంకు నీళ్లలో క్లోరిన్ కలుపుతారు కాబట్టి ముందు దాన్నే అనుమానించాలి. స్పాడ్న్స్‌లో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు తగ్గుతుంది. మిగిలిపోయిన క్లోరిన్ కూడా ఆ రంగును వెలిసిపోయేలా చేస్తుంది, మీటరు దాన్నీ ఫ్లోరైడ్‌గానే లెక్కగడుతుంది. ఆ క్లోరిన్‌ను పోగొట్టే సోడియం ఆర్సినైట్ విషం. కాబట్టి నోటితో పిపెట్ లాగొద్దు, మిగిలింది సింకులో పోయొద్దు. పైగా ఈ పద్ధతి 1.4 వరకే చెల్లుతుంది. 1.9 వచ్చిందంటే నీళ్లను రెండింతలు పలుచన చేసి మళ్లీ చూడాల్సిందే.

ఎలక్ట్రోడ్‌నూ గుడ్డిగా నమ్మొద్దు. పటిక వేసిన నీళ్లలో అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి దాస్తుంది. ఆ పట్టు విడిపించేది టిసాబ్ అనే బఫర్ ద్రావణమే. నమూనాకూ స్టాండర్డుకూ (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం) దాన్ని సమపాళ్లలో కలిపారా? స్టాండర్డు గాఢత పదింతలైనప్పుడు మిల్లీవోల్టుల తేడా 25 డిగ్రీల దగ్గర 57 నుంచి 60 మధ్య ఉందా? 50కి పడిపోతే ఆ ఎలక్ట్రోడ్‌తో ఆ రోజు పని ఆపేయండి.

ఆ తర్వాత 50 మిల్లీలీటర్ల నమూనాలో, లీటరుకు 50 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న స్టాండర్డు 1 మిల్లీలీటరు కలిపి చూడండి. 1.1 నిజమైతే ఇప్పుడు 2.06 దగ్గర రావాలి. 1.7 వచ్చిందంటే నీళ్లలో ఇంకా ఏదో ఫ్లోరైడ్‌ను దాస్తోంది. థీసిస్‌లో రెండు అంకెలూ, తేడాకు కారణమూ రాయండి. సగటు తీసి 1.5 వేస్తే అది ఏ పద్ధతిదీ కాదు.

ప్రశ్న: మా బోరులో కిట్టు 2.0 పైనే చూపించింది. గ్రామసభలో చెబితే 'ప్రైవేటు కిట్టు లెక్క చెల్లదు' అన్నారు. ఏం చేయాలి?
– వార్డు సభ్యుడు

జవాబు: ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కిట్టు అనుమానం తెలుపుతుంది, తీర్పు ల్యాబుదే. అదే బోరు నుంచి ఒకే పూట రెండు సీసాలు పట్టి, ఒకటి దగ్గర పెట్టుకుని రెండోది గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు అర్జీతో ఇవ్వండి, రసీదు తీసుకోండి. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే నీటి వనరు లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటారు. అర్జీలో ఈ రెండు అంకెలూ రాయండి. మీ ఊరి పాత పరీక్షల ఫలితాలు సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. వానలకు ముందువీ తర్వాతవీ విడిగా అడగండి, అంకెలు మారుతుంటాయి.

సభలో బోరు నంబరు చెప్పండి, ఇంటివాళ్ల పేరు ఎత్తకండి. ఆ ఇంటి పిల్లకు సంబంధాలు చూస్తుండవచ్చు. మీకు గానీ మీ బంధువులకు గానీ నీళ్లమ్మే ఆర్‌ఓ ప్లాంటు ఉంటే మొదటే చెప్పేయండి, తర్వాత వేరేవాళ్లు చెబితే 2.0ను ఎవరూ నమ్మరు. ల్యాబు 1.7 అని తేలిస్తే ఆ అంకెనే బోరు మీద ఎర్ర రంగుతో, తేదీ వేసి రాయించమని పంచాయతీని అడగండి.