పగలు మట్టిరంగు, రాత్రి బూడిదరంగు అయ్యే బ్రౌన్ గోడ

తప్పు రంగుది కాదు, నూటికి తొంభై పాళ్లు మీ ట్యూబ్‌లైటుది. పగలు మట్టిరంగులో ఉన్న హాలు గోడ రాత్రికి బూడిద పూసినట్టు అయిపోతోందన్నారు, హాల్లో ఉన్నది 6500కె (కె అంటే కెల్విన్, వెలుగు రంగుకి కొలత) తెల్ల ఎల్‌ఈడీ అనీ మీరే రాశారు. ఆ వెలుగులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. బ్రౌన్‌కి వెచ్చదనం ఇచ్చేదే ఎరుపు, పసుపు. దయచేసి అప్పుడే పెయింట్ కొనకండి.

1. ముందు లైటు మార్చండి. డబ్బా మీద 2700కె లేదా 3000కె, వార్మ్ వైట్ అని ఉండాలి. రెండు రాత్రులు చూడండి.

2. అప్పటికీ నచ్చకపోతేనే రంగు సంగతి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే: షేడ్ కార్డు చూసి ఏకంగా పెద్ద డబ్బా కలిపించేస్తారు. చిన్న డబ్బా తెచ్చి, రెండడుగుల చదరం గోడకే వేయండి, కిటికీ పక్కన ఒకటి, ఎదురు గోడకి ఒకటి, రెండేసి కోట్లు, పూర్తిగా ఆరాక పొద్దున, సాయంత్రం, లైట్లు వేశాక మూడుసార్లు చూడండి. తడిగా ఉన్నప్పటి రంగు నమ్మొద్దు.

3. నాలుగు గోడలకీ బ్రౌన్ వద్దు, ఒకటి చాలు, మిగతావి క్రీమ్. ఒడిశా రాయగడలో మా హాలుకి అలాగే చేశాం. ఇక్కడి గుణుపురం వైపు సవర గిరిజనుల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో గీసిన సన్నటి బొమ్మలు చూసే ఉంటారు, ఆ తెలుపు పక్కనుంటేనే మట్టి అంత నిండుగా కనిపిస్తుంది.

వానలకి గోడ చెమ్మగా ఉంటే మాత్రం శాంపిల్ కూడా వేయకండి, ఆరేదాకా ఆగండి.