విమానాల కంపెనీ పెడతానంటున్న తమ్ముడికి పొలం అమ్మి డబ్బు ఇవ్వొచ్చా?

మీ తమ్ముడు ఉద్యోగం మానేసి కర్నూలు దగ్గర కొత్త రకం విమానాలు కట్టి ఎగరేసి చూసే చిన్న కంపెనీ పెడతానంటున్నాడు, రెండెకరాలు అమ్మి ఇవ్వమంటున్నాడు, ఏం చేయాలి అని అడిగారు.

నాకు విమానాల చదువు లేదు. అనంతపురంలో వేరుశనగ కాయల వ్యాపారం నాది. వానలు లేక గోదాము ఖాళీగా పడి ఉన్న ఏడాది మా అక్క కొడుకు వచ్చి, "అద్దె తర్వాత ఇస్తా మామా" అని తాళాలు తీసుకున్నాడు. వాడికప్పుడు 24 ఏళ్లు. వాడూ, ఇద్దరు స్నేహితులూ. వాళ్లు కట్టేది మనిషి ఎక్కేది కాదు, రెక్కలున్న పెద్ద డ్రోన్ అనుకోండి. నిలువుగా లేచి, పైకి పోయాక విమానంలా ముందుకు సాగాలి. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు మూడు మీటర్లు. నేను 4 లక్షలు ఇచ్చాను. మూడేళ్లయింది.

కాబట్టి మీ తమ్ముణ్ణి ఎన్ని కడతావని అడగొద్దు. ఎన్ని పగలగొట్టుకుంటావు, ఆ ఖర్చు లెక్కలో వేశావా అని అడగండి. మావాడు ఒక్క విమానానికే లెక్క రాసుకొచ్చాడు.

మొదటిది పదిహేను సెకన్లు కూడా ఎగరలేదు. కెమెరాకు చోటు కోసం బ్యాటరీని నాలుగు వేళ్లు వెనక్కి జరిపారట. తోక బరువై ముక్కు పైకి లేచింది, రెక్క కింద గాలి ఆనలేదు, రాయిలా పడింది. రెండో దానికి వైర్లు తారుమారు. కుడికి వంచితే ఎడమకు వంగింది. ముందు రోజు రాత్రి రెండింటి దాకా పని చేసి, తెల్లారి చూసుకోకుండా ఎగరేశారు. ఆ రోజు నుంచి చూసుకోవాల్సినవన్నీ రాసి గోడకు ఒక అట్ట కట్టారు. ఒకడు పైకి చదవాలి, ఇంకొకడు ముట్టుకుని చూసి "ఉంది" అనాలి. అంతవరకు మోటారు తిరగకూడదు. మూడోది బాగానే ఎగిరి బాగానే దిగింది. దిగాక ఆషాఢం గాలి ఎత్తి బోర్లా వేసింది. మా వైపు ఆ గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు.

ఆ సాయంత్రం వాడు నన్ను ఓదారుస్తూ, రైట్ సోదరులకూ ఇదే జరిగింది మామా అన్నాడు. 1903 డిసెంబరు 17న నాలుగుసార్లు ఎగిరారట. మొదటిది 12 సెకన్లు, నాలుగోది 59. ఆ తర్వాత నేల మీదున్న విమానాన్ని గాలి దొర్లించి పాడుచేస్తే అది మళ్లీ ఎగరనే లేదట. "వాళ్లకు సైకిల్ షాపు ఉండేది, నీకేముంది?" అన్నాను. కోపంతో అన్నమాటే, కానీ వాడి బుర్రలో అదే నాటుకుంది. ఇప్పుడు రైతుల పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు రిపేరు చేస్తాడు. జీతాలు ఆ డబ్బుతోనే. ఇద్దరు స్నేహితుల్లో ఒకడు అప్పటికే బెంగళూరు వెళ్లిపోయాడు, తప్పు పట్టను.

పని నేర్పినవాళ్ల గురించి కూడా చెప్పాలి. థర్మాకోల్ లాంటి ఫోమ్ దిమ్మెను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, పైన గ్లాస్ ఫైబర్ గుడ్డ పరిచి, ఎపాక్సీ అనే గట్టిపడే బంక పూస్తారు. వీళ్లు పూసిన మొదటి రెక్క గడ్డపారంత బరువు. కూడళ్లలో పెట్టే ఫైబర్ బొమ్మలు చేసే మేస్త్రి ఒకాయన వచ్చి చూసి నవ్వాడు. "బంక ఎక్కువైతే బలం కాదప్పా, బరువు" అని, రోలరుతో అదనపుదంతా పిండేసి చూపించాడు. ఎండాకాలంలో డబ్బాలో కలిపిన ఎపాక్సీ దానంతట అదే వేడెక్కి పొగలు కక్కి గట్టిపడేది. కొద్దికొద్దిగా కలుపుకోమనీ, తెల్లవారుజామునే పూసుకోమనీ చెప్పింది కూడా ఆయనే. కాలేజీలో నాలుగేళ్లు చదివింది ఒక ఎత్తు, ఆయన దగ్గర గడిపిన పది రోజులు ఒక ఎత్తు అంటాడు మావాడు.

చట్టం సంగతి భయపడినంత లేదు, మనిషి ఎక్కనంత వరకు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ప్రభుత్వ మ్యాప్‌లో ఆకుపచ్చగా చూపించే చోట, 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. జీఎస్టీ నంబరు ఉన్న తయారీదారుకు, కేంద్రం గుర్తించిన స్టార్టప్‌కు పరిశోధన కోసం ఎగరేసుకోవడానికి టైప్ సర్టిఫికెట్ (ఆ రకం డ్రోన్ ప్రమాణాలకు సరిపోతుందని ఇచ్చే కాగితం), పైలట్ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. కానీ మీది కర్నూలు వైపు. ఓర్వకల్లు విమానాశ్రయం 2021 నుంచి నడుస్తోంది. దాని హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు, 8 నుంచి 12 మధ్య 200 అడుగులు దాటకూడదు. పొలం లీజుకు తీసుకునే ముందే డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో చూసుకోమనండి. మనిషి ఎక్కే విమానమైతే అది వేరే కథ. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. ఏళ్ల తరబడి తిరిగితే 2017లో విమానాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ వచ్చింది. మీ తమ్ముడి మనసులో ఇదే ఉంటే నేనైతే రూపాయి ఇవ్వను.

లేదంటే పొలం జోలికి పోకుండా, మీరు పోగొట్టుకున్నా నిద్ర పట్టేంత డబ్బు ఇవ్వండి. అదీ ఒకేసారి వద్దు. ఒకటి పగిలాక, ఎందుకు పగిలిందో నోటుబుక్కులో రాసి చూపిస్తేనే రెండోదానికి. గాలి బాలేదు, టైం బాలేదు అని మాత్రమే రాస్తే అక్కడే ఆపేయండి. నా 4 లక్షల్లో ఇప్పటికి 70 వేలు వెనక్కి వచ్చాయి. నాలుగో విమానం పోయిన మార్గశిరంలో 22 నిమిషాలు ఎగిరింది.

చోటు కూడా మీరే ఇచ్చేటట్టయితే, బ్యాటరీలు ఇంట్లో ఛార్జింగ్ పెట్టనీయొద్దు. ఉబ్బినదాన్ని ఆరుబయట ఇసుక పోసిన ఇనప ట్రంకుపెట్టెలో పెట్టాలి, మాకు ఒకటి అంటుకుంది. కరెంటు మీటరు కూడా వాళ్ల పేరు మీద వేరేగా వేయించండి.